అవసానకాలమున మనవారికి చోటు

(మహాసభ రెండవనాటి సమావేశమున చదువబడిన ఉపన్యాసము)

  

ఈ వేదికనుండి మేము ఇదివఱకు చేసిన ప్రసంగములన్నియు విద్యనుగూర్చినవే. ముప్పదియైదేండ్లు బడిలో సంస్కృతాంధ్రములు చెప్పి విశ్రాంతి గొన్నవానికి వేఱు విషయమేమి దొరకును? ఈ యేడు ఆహ్వానసంఘమువారు ఉత్తరము వ్రాయుచు "మీకు దోచిన విషయము" అని వ్రాసిరి. మాకు దోచిన విషయము శుభప్రసంగము కాదు. నూఱుమంది వివాహపరిచయముల కొఱకు వచ్చిన పందిటిలో చావుమాట యెత్తుట మర్యాద కాదని యెఱుగుదుము. భోజనములకు ముందే మా వంతు పెట్టిన కార్యదర్శిగారు మమ్ము క్షమింతురు గాక.

కార్యక్రమపత్రమున ఏడవ తీర్మానము మన సంఘము పక్షమున వృద్ధాశ్రమ మొకటి కట్టింపవలెనని. స్థలమిత్తుమనువారు కలరు, గదికొక పేరు చొప్పున విరాళమిత్తుమనువారును గలరు. మేము దానికి విరోధులము కాము. కాని చేతులెత్తుటకు ముందు ఒక్క ప్రశ్నకు సమాధానము కావలెను. ఆ భవనమున వసించు వృద్ధురా లొకనాడు మంచము పట్టినచో ఆమెను ఏమి చేయుదుము? గత రెండేండ్లలో మేము నాలుగైదు వృద్ధాశ్రమములకు పోయి చూచితిమి. వాని పేరులు చెప్పము. చాలవఱకు మంచివారు మంచిమనసుతో నడుపునవియే. గోడకు వ్రేలాడదీసిన నియమావళిలో ఒక్క నియమము మాత్రము అన్నిచోట్లను కనబడెను. తమ పనులు తాము చేసికొనగలవారిని మాత్రమే చేర్చుకొందురట. లేవలేనివారిని బంధువులు తీసికొనిపోవలెనట. నడువగలిగినన్నినాళ్లు ఆశ్రమము, నడువలేనినాడు ఎక్కడికి? తీసికొనిపోవు బంధువులే యున్నచో ఆ ముసలమ్మ అక్కడి కేల వచ్చును?

ఆ కడపటి నెలయో, పదునైదు దినములో మనిషి యెక్కడ నుండవలెను, ఎవరి చేతులమీదుగా పోవలెను అనునదియే మేము మీముందుంచ దలచిన విషయము. మా యింటి సంగతి చెప్పక ఈ విషయము చెప్పుట మాకు చేతగాదు.

మా యక్కగారు మాకంటె ఆఱేండ్లు పెద్ద. మాకు ఓనమాలు దిద్దించినది ఆమెయే. ఆమె చదువు మూడవ తరగతితో నిలిచినది, మాది సాగినది. మెట్టినయూరు మూసీనది కృష్ణలో గలియు వాడపల్లికి దాపున. మగడు పోయిన పిదప ఇద్దఱు కూతుండ్ర పెండ్లిండ్లకు ఉన్న రెండెకరములును పోయినవి. ఆ పిదప వానలకు ఇంటి గోడలు కూలినవి. కొడుకు మిర్యాలగూడలో ఒక రైసుమిల్లున గుమాస్తా. వానితోడనే రెండుగదుల అద్దెపోర్షనులో ఆమె యుండెను. డెబ్బదియొకటవ యేట దవడలో పుండు లేచినది. ఆకు, వక్క, పొగాకు నమలు అలవాటు చిన్ననాటినుండి యుండెను. హైదరాబాదున కరెంటు పెట్టిరి, సూదులిచ్చిరి. ఎనిమిది నెలలు తిరిగిన పిదప వైద్యులు "ఇంటికి తీసుకెళ్లండి, ఇష్టమైనది పెట్టండి" అనిరి. ఆ మాటలో అబద్ధము లేదు. కాని ఇష్టమైనది తినుటకు ఆమెకు నోరు తెఱచుకొనవలెను గదా!

ఇంటికి వచ్చిన మూడవనాడు ఇంటి యజమాని వచ్చెను. ఆయన మన కులస్థుడే. చెడ్డవాడు కాడు, అద్దె ఆలస్యమైనను ఏనాడును గట్టిగా అడిగియుండలేదు. మేమును ఆనాడు అచటనే యుంటిమి. అరుగుమీద కూర్చుండి, మా ముఖము చూడలేక నేల చూచుచు ఇట్లనెను: "సారూ, మీరు చదువుకున్న పెద్దమనుషులు, మీకు జెప్పేటంతోన్ని గాదు. వచ్చే నెలల మా పిల్ల పెండ్లి పెట్టుకున్నం. ఇంట్ల ఏమన్న అయితే ఆర్నెల్లు ఇల్లు ఇడిసిపెట్టాలె. నేనేం జెయ్యాలె, మీరే జెప్పుండ్రి."

"మీరే జెప్పుండ్రి" అన్నమాట మాకు నేటికిని చెవిలో నున్నది. ఏలయనగా ముప్పదియేండ్లుగా అది చెప్పుచు వచ్చినది మేమే. సూర్యాపేటలో మా వీథిన ఎవరింట చావు సంభవించినను ఒక పిల్లవానికి పంచాంగమిచ్చి మా యింటికి పంపెదరు. ధనిష్ఠాపంచకమా, రోహిణియా, కృత్తికయా అని గుణించి, రెండు నెలలనియు, మూడు నెలలనియు, ఆఱు నెలలనియు చెప్పి పంపుచుంటిమి. కాసు పుచ్చుకొనలేదు, అది లోకోపకారమని తలచితిమి. ఆ లెక్క చెప్పి పంపిన పిదప ఆ యద్దెకున్న కుటుంబము సామానులు ఎక్కడ దింపుకొనెనో, పిల్లలు ఆ రాత్రి యెక్కడ పండుకొనిరో మేమొక్కనాడును విచారింపలేదు. ఆయన అడిగినది మేము నేర్పిన పాఠమే.

మఱి మా యింటికి తీసికొనిరాలేదేమని మీరడుగుదురు. అడుగవలసినదే. మా కుమారుడు క్రొత్తగా మేడ వేయించియుండెను. కోడలికి ఎనిమిదవ నెల. ఇంటిలో ఎవరును వలదనలేదు; ఎవరును రమ్మనియు ననలేదు. మేము పంచాంగము తీసి రాబోవు పక్షపు నక్షత్రములు చూచుచు నాలుగు దినములు మాటాడక కూర్చుంటిమి. ఆ నాలుగు దినములలో మా మేనల్లుడు తల్లిని మిల్లు ఆవరణములోని యొక రేకుల గదికి మార్చెను. ఆ గది నిచ్చిన మిల్లు యజమాని మన కులమువాడు కాడు. వైశాఖమాసపు టెండ. ఒకవైపు వడ్లు ఆరబోసిన కల్లము, మఱియొకవైపు ఊకదుమ్ము; రాత్రి పగలు మిల్లు చప్పుడు. మేనల్లుని భార్య తడిపిన చీరలు కిటికీలకు కట్టుచు, గంటకొకసారి వానిని మరల తడుపుచుండెను. మందుల దుకాణమున నిచ్చిన గోలీలకు ఆ నొప్పి లొంగినది కాదు.

మా యక్కగారికి మాట పోయినది గనుక పలకయు బలపమును ఇచ్చియుంటిమి. మేము చూడబోయిన తొలినాడు ఆమె "ఇల్లు" అని వ్రాసెను. "రేపు తీసుకపోతనక్కా" అంటిమి. అయిదవనాడు బండి కట్టించుకొని పోవుసరికి కదల్చినచో దారిలోనే ప్రాణము పోవునని తెలిసినది. "ఎప్పుడు" అని వ్రాసెను. తగ్గిపోవునని చెప్పితిమి. ఆమె పలక తుడిచివేసి, మఱి యేమియు వ్రాయలేదు. పదునొకండవనాటి తెల్లవాఱుజామున పోయెను. ఆ నాటి నక్షత్రము స్వాతి. ఇల్లు విడువవలసిన నక్షత్రము కాదు.

పండ్రెండవనాడు పరామర్శకు వచ్చినవారిలో మా పూర్వవిద్యార్థిని యొకతె, ప్రభుత్వపు ఆసుపత్రిలో నర్సు, అంతయు విని "సార్, మార్ఫిన్ ఇయ్యలేదా?" అని యడిగినది. మాకు ఆ మాటయే తెలియదు. ఆ పిల్ల చెప్పినదానినిబట్టియు, తరువాత మేము చదివి తెలిసికొన్నదానినిబట్టియు మీకు చెప్పుచున్నాము.

మార్ఫిన్ అనునది నల్లమందునుండి తీసినది. ఆ గసగసాల పంట మన దేశముననే మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రములలో ప్రభుత్వపు అనుమతితో పండును. నీమచ్, ఘాజీపూర్ పట్టణములలో దానిని శుద్ధిచేయు ప్రభుత్వ కర్మాగారములు గలవు. గోలీ వెల స్వల్పము. నాలుగేసి గంటలకొకటి చొప్పున వైద్యుడు చెప్పిన మోతాదున ఇచ్చినచో, ఇతరమైన గోలీలకు లొంగని పుండునొప్పి చాలమందికి అణగును. దానితోపాటు విరేచనమునకు మందు ఇయ్యవలెను, ఏలయనగా అది మలబద్ధము చేయును. అలవాటు పడుదురేమో యని కొందఱకు భయము. వైద్యుని కనుసన్నలలో నొప్పికొఱకు పుచ్చుకొన్నవానికి అది వ్యసనమగుట అరుదు. పదునైదు దినములలో పోవు మనిషికి అలవాటు భయమేమి? పండునది మన దేశమున. దొరకనిది మన యూరివారికి. దీనికి కారణము కొంత చట్టము. 1985లో వచ్చిన మాదకద్రవ్యముల చట్టము క్రింద ఒక ఆసుపత్రి మార్ఫిన్ ఉంచుకొనవలెనన్న పలు శాఖలనుండి పలు అనుమతులు కావలసియుండెను. ఆ బాధ పడలేక చాలచోట్ల ఉంచుటయే మానిరి. 2014లో ఆ చట్టమును సవరించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థకు ఒక్క శాఖ అనుమతి చాలునట్లు చేసిరి. చట్టము మాఱి ఇన్నియేండ్లయినను ఇట్టి మందు గలదను మాట వీథిలోనికి రాలేదు.

ఇట్లు రోగము మానదని తేలిన పిదప నొప్పిని, ఆయాసమును, భయమును తగ్గించుటకై చేయు పరిచర్యను ఉపశమన చికిత్స యందురు. అట్టివారి కొఱకు నడుపు గృహమునకు ఆంగ్లమున హాస్పీసు అని పేరు. ఆ మాట మూలము విచారింపగా మాకు సంతోషము గలిగినది. అది ఆతిథ్యమను అర్థముగల లాటిను పదమునుండి పుట్టినది. పూర్వము ఐరోపాలో యాత్రికులు దిగు విడిదులకు ఆ పేరు. తెలుగున చెప్పవలెనన్న, సత్రము! కులసంఘములకు సత్రము క్రొత్తగాదు. శ్రీశైలమున, భద్రాచలమున, యాదగిరిగుట్టన ఏ కులమువారికి ఆ కులమువారి సత్రములున్నవి. దేవుని దర్శనమునకు పోవువాడు ఒక్కరాత్రి తలదాచుకొనుటకు గది కట్టించిన మనము, అంతకంటె దూరపు ప్రయాణమునకు సిద్ధమైనవానికి గది లేదనుట యెట్లు?

లండను నగరమున సిసిలీ సాండర్సు అను నామె 1967లో సెయింట్ క్రిస్టఫర్ హాస్పీసును స్థాపించెను. ఆమె మొదట నర్సు. పిదప రోగుల కుటుంబములకు సాయపడు ఉద్యోగిని. మరణించువారి బాధ తీర్పవలెనన్న వైద్యురాలు కావలెనని యెఱిగి, పెద్దవయసున వైద్యము చదివెను. నొప్పి వచ్చిన పిదప మందిచ్చుట కాక, రాకముందే వేళకు ఇయ్యవలెనని ఆమె పట్టుబట్టెను. నొప్పి శరీరమున మాత్రమే లేదనియు, మనసున, ఇంటిలో, అప్పులలో, దేవునిమీది కోపములో కూడ నుండుననియు చెప్పెను. మన దేశమున మొదటి హాస్పీసు ముంబాయిలోని శాంతి అవేదన సదనము, 1986లో. హైదరాబాదున బంజారాహిల్స్ రోటరీ క్లబ్బువారు 2011లో స్పర్శ్ హాస్పీసును ఆరంభించిరి, డబ్బు పుచ్చుకొనరు. ఇవి యన్నియు మంచివే. కాని హైదరాబాదు మనకు నూటముప్పది కిలోమీటర్ల పైమాట. చివరిదినములలో వాడపల్లి ముసలమ్మకు హైదరాబాదున ఎవరున్నారు?

కాశీలో చచ్చుటకే పోవువారికి 1958నుండి ముక్తిభవనమను విడిది గలదు. రెండువారములలోపల ప్రాణము పోనిచో గది ఖాళీచేయవలెనని అచటి నియమము. దీనిని విని నవ్వువారు కలరు. మేము నవ్వము, ఆ రెండువారములు ఎవరును "మా యింట్ల వద్దు" అనలేదు గదా! కాశీకి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమను సామెత మన పెద్దలకు తెలియును. తెలిసియే పోయిరి. కాని కాశీవాసము ప్రయాణము చేయగల ఒంటికి గాని, దవడ పుండుతో ఆయాసపడువారికి గాదు.

మనకు మార్గము చూపినది కేరళదేశము. 1993లో కోళిక్కోడున డాక్టరు రాజగోపాల్, డాక్టరు సురేష్ కుమార్ మున్నగువారు వైద్యకళాశాల ఆవరణమున చిన్నగదిలో ఈ చికిత్స నారంభించిరి. కొన్నియేండ్లకు వారికొక సత్యము తెలిసినది: రోగి ఆసుపత్రికి రాలేడు, కావున ఆసుపత్రియే రోగి యింటికి పోవలెను. వైద్యులు చాలరు, కావున పొరుగువారే నేర్చుకొనవలెను. ఉపాధ్యాయులు, దుకాణదారులు, విద్యార్థులు, గృహిణులు కొన్నిగంటల శిక్షణ పొంది వారమునకొకనాడు మంచము పట్టినవారి యిండ్లకు పోవుట మొదలిడిరి. పుండు కడుగుట, ప్రక్క మార్చుట, మాటాడి కూర్చుండుట వారి పని. నర్సు మందు చూచుకొనును. చిన్నచిన్న విరాళములతోనే యీ పని సాగినది. 2008లో ఆ రాష్ట్రప్రభుత్వము దీనిని తన విధానముగా ప్రకటించి పంచాయతీల కప్పగించెను. మన తెలంగాణమున ప్రభుత్వము చేవెళ్లలో ఇట్టిదానిని ఆరంభించి పిదప జిల్లాకేంద్రములకు విస్తరింపజేసెను. దానికి "ఆలన" యని చక్కని పేరు పెట్టిరి. మంచములు కొన్ని, వైద్యుడు, నర్సులు, గ్రామములకు పోవు వాహనము. పిలిచినచో ఇంటికి వత్తురు. పిలువవలెనని తెలియవలెను; వచ్చువారు దిగుటకు ఆ రోగికి ఇల్లొకటి యుండవలెను.

ఇచట శాస్త్రప్రసక్తి కొంత తప్పదు. సంస్కృతము చదివినవాని ప్రసంగమున అది లేకున్న మీరును ఒప్పుకొనరు. భారతమున భీష్ముడు శరతల్పమున పడినప్పుడు బాణములు పెఱికివేయుటలో నేర్పరులైన వైద్యులను పిలిపించిరి. ఆయన వారిని సత్కరించి పంపివేయుడనెను. వైద్యము వలదనెను గాని అన్నియు వలదనలేదు. వ్రేలాడు తలకు ఆసరా యడిగెను. రాజులు మెత్తని తలగడలు తెచ్చిరి. అవి తన పడకకు తగినవి కావని అర్జునుని పిలిచెను. దాహమునకు నీరడిగెను. పడినచోటనే కావలి పెట్టించుకొనెను. పిదప ఉత్తరాయణమువఱకు ధర్మరాజు వచ్చి యడిగినదానికెల్ల సమాధానము చెప్పెను. ముప్పదియైదేండ్లు ఈ కథను తరగతిలో చెప్పుచు మేము బాణములనే చూచితిమి; ఆ పడక చుట్టునున్న యేర్పాటును చూడలేదు. చరకసంహిత ఇంద్రియస్థానమున మరణచిహ్నములు కనబడినను అడుగకయే చెప్పరాదనియు, వినినవారికి హాని యగునట్లు అడిగినను చెప్పరాదనియు వైద్యునకు నియమము గలదు. మన యిండ్లలో దీనినే సాకుగా చేసికొని, రోగికి తప్ప వీథికందఱకును చెప్పుచున్నాము. పలకమీద "ఎప్పుడు" అని వ్రాసిన మనిషి హాని పొందుటకు అడుగలేదు. ఆమెకు ఎవరికో యేదో అప్పగింపవలసినది యున్నదేమో. మేము దానిని చెప్పనీయలేదు.

ధనిష్ఠాపంచకము మాటకు వత్తము. పంచకమరణమునకు గరుడపురాణమున దర్భప్రతిమలతో శాంతి చెప్పబడినది. శాంతి చేయుడు, చేయించుటకు మేమును వత్తుము. కాని ఆ శాంతి మరణించిన పిదప చేయునది. ప్రాణమున్న మనిషిని రాబోవు నక్షత్రమునకు భయపడి ముందుగనే వీథికి తెమ్మని మేము చదివిన యే గ్రంథమునను లేదు. అంత్యకాలమున మంచముమీదినుండి దింపి దర్భలు పఱచిన భూమిపై పరుండబెట్టుమని మాత్రము కలదు. ఆ భూమి యెవరిది? అద్దెకున్నవానికి భూమి యేది? అద్దెయిండ్లు లేని కాలమున ఏర్పడిన యాచారమును బోర్డు కట్టి అద్దెకిచ్చు పోర్షనులకు పట్టించి, పేదవానిని చావునకును పనికిరానివానిగా చేసితిమి. మా మాట శాస్త్రవిరుద్ధమని తోచినవారు సభ యైన పిదప మాతో వాదింపవచ్చును, పుస్తకములు తెచ్చియున్నాము.

ఇప్పుడు మన మూడు పట్టణముల స్థితి చూడుడు. కోదాడలో మన కుటుంబములకు పెద్దయిండ్లు కలవు. పిల్లలు హైదరాబాదున, విజయవాడలో, అమెరికాలో. ముందు గేటు, లోపల ఆఱు గదులు, ఆ యాఱింటిలో ఒక్క ముసలిదంపతులు. ఒకరు మంచము పట్టినచో రెండవవారు లేవదీయలేరు. డబ్బునకు కొదువలేదు, తలక్రింద చేయి పెట్టువారు లేరు. మిర్యాలగూడలో సాగరు ఎడమకాలువ నీటితో పండిన వడ్లు, వానిచుట్టును మిల్లులు, మిల్లులచుట్టును గుమాస్తాలు, హమాలీలు, డ్రైవర్లు. వీరిలో చాలమంది అద్దెకున్నవారే. అచట సేవచేయు కోడండ్రు గలరు. ప్రక్కవేయు నేల లేదు. సూర్యాపేట రెండింటికిని నడుమ. రాజమార్గము మీది యూరు గనుక అద్దెలెక్కువ, మేడలెక్కువ. 2016లో జిల్లాకేంద్రమైనది; 2019లో వైద్యకళాశాల వచ్చినది; రోగము కుదుర్చుటకు వైద్యులు దొరకుచున్నారు. ఇల్లున్నచోట మనిషి లేడు. మనిషి యున్నచోట ఇల్లు లేదు. వృద్ధాశ్రమము ఈ రెండింటిలో దేనిని తీర్చును?

2011 జనాభాలెక్కల నాటికే దేశమున అఱువదియేండ్లు దాటినవారు పదికోట్ల ముప్పదెనిమిది లక్షలు. ఉపశమన చికిత్స కావలసినవారిలో ప్రపంచమున నూటికి పదునలుగురికి మాత్రమే అది దొరకుచున్నదని ప్రపంచ ఆరోగ్యసంస్థవారి అంచనా. చట్టములు లేకపోలేదు. 2007నాటి తల్లిదండ్రుల పోషణ చట్టము క్రింద పోషింపని బిడ్డలమీద రెవెన్యూ డివిజనల్ అధికారి యెదుట దావా వేయవచ్చును. చూచుకొందుమని వ్రాయించుకొని ఆస్తి పుచ్చుకొని చూడనిచో ఆ దస్తావేజు రద్దు చేయింపవచ్చును. యంత్రములతో ప్రాణము నిలుపవలదని ముందుగనే కాగితము వ్రాసియుంచుకొను హక్కును సర్వోన్నత న్యాయస్థానము 2018లో అంగీకరించి, 2023లో ఆ విధానమును సులభము చేసెను: ఇద్దఱు సాక్షులు, నోటరీ గాని గెజిటెడు అధికారి గాని చాలును. మేము వ్రాసియుంచితిమి. కావలసినవారికి నమూనా ఇత్తుము. గ్రామములలో 2019 తరువాత పల్లెప్రగతి పేర వైకుంఠధామములు కట్టిరి. మంచిపని, వానలో శవము పెట్టుకొని నిలుచుండు దుర్గతి తప్పినది. కాని అది ఆ మఱునాటి చోటు. ముందటి పదునైదు దినములకు చోటు కాదు.

కావున ఏడవ తీర్మానమునకు మా సవరణ యిది. మూడంతస్తుల భవనము వలదు. గదికొక పేరు వ్రాయుట కలవాటుపడిన దాతలు మన్నింపవలెను. మూడు పట్టణములందును ఆసుపత్రికి దగ్గఱగా రెండు గదులు, వంటగది, వసారా, పెరడు గల పెంకుటిల్లో డాబాయో ఒక్కొక్కటి కొనుడు, లేదా కట్టుడు. బండి గుమ్మమువఱకు రావలెను, మెట్లు ఉండరాదు, స్నానపుగది తలుపు మంచము పట్టునంత వెడల్పుండవలెను. తల యెత్తుటకు మర తిప్పు మంచములు రెండు, ఒరుపు పుండ్లు పడకుండ గాలిపరుపులు రెండు. మంచము పట్టినవానితో వాని కుటుంబము కూడ ఆ యింటనే వండుకొని తినవలెను. వారిని అతిథులుగా గాక ఇంటివారుగా చూడవలెను. ప్రాణము అచటనే పోవచ్చును, పదునొకండు దినముల కర్మయు అచటనే జరుపుకొనవచ్చును, నక్షత్రమెవరును అడుగరాదు. ఈ నియమము గోడకు వ్రాయింపుడు, గది దాతల పేరులకంటె పెద్దయక్షరములతో.

ఇల్లున్నవారికి ఇల్లు విడువ నక్కఱలేదు. కోదాడ దంపతులవంటివారి యింటికి పగలు నాలుగు గంటలు పోయి కూర్చుండి, చూచుకొనువారిని నిద్రపోనిచ్చు స్త్రీలు కావలెను. ఇది ఉచితముగా చేయింపరాదు; జీతమియ్యవలెను. చేయువారు మన యిండ్లలోని వితంతువులు, చదువు నడుమ ఆగిన ఆడుపిల్లలు గలరు. నేర్పుటకు మా పూర్వవిద్యార్థిని యొప్పుకొన్నది. చూచుకొను కోడలికి రాత్రి నిద్ర లేకుండుటయే సగము కలహములకు మూలమని మేము చూచితిమి. మనము దానిని కోడలి దోషమనుచున్నాము.

ఒక చిక్కు గలదు, దాచము. ఇల్లు మనవారికే యుండవలెనా, ఇతరులకును తెఱవవలెనా? నిన్న రాత్రి ఆహ్వానసంఘమున దీనిమీద గంటసేపు వాదము జరిగినది. సంఘపు సొమ్ము సంఘమునకే యనువారి మాటలో న్యాయము లేకపోలేదు. కాని మా యక్కగారికి గది యిచ్చినవాడు ఏ కులమని అడుగకయే యిచ్చెను. మన కులస్థుడు ఇయ్యలేకపోయెను. తోడబుట్టినవారము మేమును ఇయ్యలేకపోతిమి. మొదటి మంచము మనవారికి, రెండవది ముందు వచ్చినవారికి అని వ్రాయుదమని మా అభిప్రాయము. సభవారు మఱియొక విధముగా నిశ్చయించినచో ఇంటి పని ఆపవలదు. అది వచ్చే యేడు మరల అడుగుదుము.

మిర్యాలగూడ యింటికి స్థలము చూచితిమి. ఏరియా ఆసుపత్రికి నడకదూరమున పాతయిల్లు అమ్మకమున నున్నది. కప్పు మార్చిన చాలును. అంతవఱకు సూర్యాపేటలో మా యింటి వీథిగది ఖాళీచేయించితిమి. మనుమడు ఇప్పుడు బడికి పోవుచున్నాడు. కోడలే ఆ గదికి సున్నము కొట్టించినది. గడచిన ఆశ్వయుజమున ఆ గదిలో ఒక బీడీకార్మికుని తల్లి పందొమ్మిది దినములుండి పోయెను. నర్సు నాలుగుమార్లు వచ్చినది. ఆ నాటినుండి మా యింటికి పంచాంగము పంపువారు తగ్గిరి. దానికి మాకు చింతలేదు.

పగటి పనికి ఒప్పుకొనువారి పేరులు వ్రాయుటకు కాగితమొకటి కార్యదర్శిగారి బల్లమీద నున్నది. మొదటి పేరు మా మేనల్లునిది. మిల్లు సెలవునాళ్లలో వచ్చునట. వాడిప్పుడు వంటశాలయొద్ద వడ్డనకు విస్తళ్లు పఱచుచున్నాడు. రెండవది మాది. భోజనములకు లేచునప్పుడు ఆ బల్లమీదుగా వెళ్లుడు.